హేగ్ మంచోడా, చెడ్డోడా? తగవులున్న సేనాని మీద ఇరవై నిమిషాలు మాట్లాడే పద్ధతి

నెలకో ఆదివారం సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీద పది పన్నెండు మందిమి కూర్చుంటాం. నేను డిగ్రీ పిల్లలకు 31 ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఊరికే ఉండలేక పెట్టుకున్న పని ఇది. ఎవరో ఒకరు ఇరవై నిమిషాలు మాట్లాడతారు, ఆ తర్వాత అరగంటసేపు మిగతావాళ్లు ప్రశ్నలతో వాయిస్తారు. షరతు ఒక్కటే: ఎంచుకున్న మనిషి మీద జనం ఇంకా ఒక మాటకి వచ్చి ఉండకూడదు. మీ దగ్గర ఇది ఎలా నడుస్తుందో రాసివ్వండని తెనాలి నుంచీ బెజవాడ నుంచీ టీచర్లు అడుగుతున్నారు. అందుకే ఈ రాత.

కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిసారి నేనిచ్చే పేరు డగ్లస్ హేగ్. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 డిసెంబరు నుంచి యుద్ధం ముగిసేదాకా ఫ్రాన్స్, బెల్జియంలలో పోరాడిన బ్రిటిష్ సైన్యానికి సర్వసేనాని. గెలిచిన సేనాని. అయినా ఆయన్ని కసాయి అన్నవాళ్లున్నారు, దేశాన్ని నిలబెట్టినవాడు అన్నవాళ్లూ ఉన్నారు. "మనకెందుకు మేడం ఈ తెల్లదొర?" అని ప్రతి కొత్త బ్యాచీ అడుగుతుంది. ఎందుకంటే హేగ్‌కి మా జిల్లాలో చుట్టాల్లేరు, కులపోళ్లు లేరు, పార్టీ లేదు. మొదట్లో ఒకసారి తెలివితక్కువగా పల్నాటి యుద్ధంలోని బ్రహ్మనాయుడు, నాగమ్మలతో మొదలెట్టించాను. మాట్లాడే కుర్రాడు రెండో వాక్యంలోకి వచ్చేలోపే వెనకనుంచి ఎవరో వాడి ఇంటిపేరు అడిగారు. ఇక చరిత్ర ఎక్కడిది? కారు నేర్చుకునేవాణ్ణి ముందు ఖాళీ గ్రౌండులో తిప్పుతాం గానీ, మొదటిరోజే శంకర్ విలాస్ సెంటర్లోకి తోలం కదా. హేగ్ మాకు ఖాళీ గ్రౌండు.

ముందు అంకె కడుక్కోండి

ఇది నా తప్పుతోనే మొదలుపెట్టాలి. "1916 జులై 1న, సోమ్ యుద్ధం మొదటిరోజు, ఒక్కరోజులో 57 వేలమంది బ్రిటిష్ సైనికులు చచ్చిపోయారు" అని నేను పదకొండేళ్లపాటు క్లాసులో చెప్పాను. సోమ్ అంటే ఫ్రాన్స్‌లో ఒక నది, యుద్ధం దాని దగ్గర జరిగింది. నాకు చెప్పినవాళ్లు అలాగే చెప్పారు, నేనూ అలాగే అప్పజెప్పాను. ఆ రోజు మొత్తం క్యాజువాల్టీలు 57,470. అందులో చనిపోయినవాళ్లు 19,240. మిగతావాళ్లలో ఎక్కువమంది గాయపడ్డవాళ్లు, కొందరు కనబడకుండా పోయినవాళ్లు, కొందరు శత్రువుకి పట్టుబడ్డవాళ్లు.

సిగ్గేమిటంటే, ఈ మాట అర్థం గుంటూరువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దాసుపత్రిలో ఎవర్నైనా క్యాజువాల్టీలో పడుకోబెట్టారంటే మనిషి పోయాడని ఏడుస్తామా? దెబ్బ తగిలింది, డాక్టరు చూస్తున్నాడు అనుకుంటాం. అదే మాట ఇంగ్లీషు పుస్తకంలో కనబడేసరికి మనకి శవాలే కనబడతాయి.

అందుకని మొదటి పని ఇది. మీరు చెప్పబోయే ప్రతి అంకె పక్కనా మూడు సంగతులు రాసుకోండి: ఎవరి అంకె, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, దేన్ని లెక్కపెట్టింది. సోమ్ యుద్ధం మొత్తం 141 రోజులు, నవంబరు 18 దాకా. బ్రిటిష్ సామ్రాజ్యపు సైన్యం వైపు నష్టం దాదాపు 4,20,000, ఫ్రెంచివాళ్లది రెండు లక్షల చిల్లర. జర్మన్ల నష్టం దగ్గరికొచ్చేసరికి నాలుగు లక్షల పైచిలుకు నుంచి ఆరు లక్షల దాకా ఎవరి లెక్క వాళ్లది. హేగ్‌ని సమర్థించేవాళ్లు పెద్ద అంకె ఎత్తుకుంటారు, తిట్టేవాళ్లు చిన్న అంకె ఎత్తుకుంటారు. ఇంత నష్టానికి ఎంత నేల వచ్చిందయ్యా అంటే, లోతు మహా అయితే పది కిలోమీటర్లు. మా గుంటూరులో బయలుదేరితే నంబూరు దగ్గరికి చేరే దూరం. నాలుగున్నర నెలలు.

టిక్కీలో చెయ్యి పెట్టండి

మా మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, పైన మెరిసే కాయ చూసి ఎవరూ ధర కట్టరు. లోపలికి చెయ్యిపెట్టి గుప్పెడు కాయ లాగుతారు. తేమ ఎంతుంది, తాలు ఎంతుంది, అడుగు కాయ రంగేమిటి అని చూస్తారు. హేగ్ విషయంలో పైకాయ జులై 1. అందరూ అక్కడే ఆగిపోతారు. అది దాటి లోపలికి పోవాలంటే "హేగ్ ఎలాంటివాడు" అనే ప్రశ్న పక్కన పెట్టేసి, ఆయన ఖాతాలో ఉన్న పెద్ద పనుల్లో ఒకటి తీసుకుని దాన్ని ముక్కలు చెయ్యండి. ఒక్కో ముక్క దగ్గర "ఈ నిర్ణయం ఎవరిది" అని అడగండి. ఇరవై నిమిషాల్లో పన్నెండు దీనికే పోతాయి, పోనివ్వండి.

సోమ్‌నే తీసుకుందాం. ఆ చోటు ఎవరు నిర్ణయించారు? 1915 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని షాంతియ్యిలో మిత్రపక్షాలు, అంటే బ్రిటన్, ఫ్రాన్స్ వైపున్న దేశాలు, కలిసినప్పుడు, మరుసటి ఏడు అందరూ కలిసి దెబ్బకొట్టాలని అనుకున్నారు. సోమ్ నది దగ్గర బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు రెండూ పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఫ్రెంచి సేనాని జోఫ్ర్ అక్కడే కావాలన్నాడు. హేగ్ మనసు బెల్జియం వైపు, ఫ్లాండర్స్ మీద ఉంది. తేదీ ఎవరిది? 1916 ఫిబ్రవరి 21న జర్మన్లు ఫ్రాన్స్‌లోని వెర్డున్ మీద పడ్డారు. ఫ్రెంచి సైన్యం అక్కడ నలిగిపోతోంది. హేగ్ తన కొత్త సైనికులకు ఇంకా తర్ఫీదు కావాలని ఆగస్టు మాట ఎత్తితే, అప్పటిదాకా ఆగితే ఫ్రెంచి సైన్యమే మిగలదని జోఫ్ర్ మండిపడ్డాడు. ఈ సంగతి హేగ్ సొంత డైరీలో ఉంది. ఎవరి డైరీలో ఉందో కూడా సభలో చెప్పాలి, మింగెయ్యకూడదు.

ఇక్కడిదాకా విన్నవాళ్లు పాపం హేగ్ అంటారు. ఆగమనండి. ఎంత లోతుకి పోవాలి అన్న ముక్క ఆయనదే. దాడి చేయాల్సిన నాలుగో సైన్యం అధిపతి రాలిన్‌సన్ ముందు మొదటి వరస కందకాలు పట్టుకుందాం, నిలదొక్కుకుని, ఫిరంగులు సర్దుకుని, అప్పుడు రెండోదాని సంగతి చూద్దాం అన్నాడు. హేగ్‌కి అది పిరికి లెక్కలా అనిపించింది. మొదటి దెబ్బలోనే ఇంకా లోపలికి పోవాలన్నాడు. దాంతో ఉన్న ఫిరంగులు ఎక్కువ వరసల మీద గుళ్లు కురిపించాల్సి వచ్చింది. ఒక మడికి సరిపోయే నీళ్లు మూడు మళ్లకి తిప్పితే ఏమవుతుంది? ఏ మడీ తడవదు.

గుళ్ల సంగతి మళ్లీ వేరే. దాడికి ముందు వారం రోజుల్లో పదిహేను లక్షలకు పైగా పేల్చారు. వాటిలో ఎక్కువ భాగం ష్రాప్‌నెల్, అంటే గాల్లో పేలి లోపలి గోళీల్ని వెదజల్లే రకం. ఆరుబయట మనుషుల మీద పనిచేస్తుంది గానీ, నేల లోపల ముప్ఫై అడుగుల కింద కూర్చున్న జర్మన్ని ఏం చేస్తుంది? ముళ్లకంచెలు చాలాచోట్ల తెగనే లేదు. హడావిడిగా పెంచిన ఫ్యాక్టరీల్లో తయారైన సరుకు కావడంతో పేలని గుళ్లు కుప్పలు. ఆ గుళ్లు తయారైనప్పుడు ఆయుధాల తయారీ మంత్రి ఎవరో తెలుసా? లాయిడ్ జార్జ్. తర్వాత ప్రధానమంత్రి అయ్యి, యుద్ధం ముగిశాక హేగ్‌ని అందరికంటే ఎక్కువ దుమ్మెత్తిపోసిన మనిషి ఆయనే. ఈ ముక్క మా డాబా మీద మొదట పట్టుకున్నది పొన్నూరు నుంచి వచ్చే ఒక బీకాం అమ్మాయి. ఆ రోజు నాకు పెట్టిన జీడిపప్పు పకోడీ మొత్తం ఆ పిల్ల ప్లేటులోకి తోసేశాను.

గాలి ఎప్పుడూ ఒకవైపే వీచదు. అదే జులై 1న దక్షిణం కొసన మామెట్జ్, మాంటోబాన్ ఊళ్లు బ్రిటిష్ సైన్యం చేతికి చిక్కాయి. అదే సైన్యం, అదే రోజు. పక్కనున్న ఫ్రెంచి ఫిరంగుల సాయం ఉంది, గుళ్లు ఒత్తుగా పడ్డాయి. అదే సోమ్‌లో సెప్టెంబరు 15న ప్రపంచంలో మొదటిసారి ట్యాంకులు యుద్ధంలోకి దిగాయి. కొత్త యంత్రమంటే ముఖం తిప్పుకునే గుర్రపు దొర అని హేగ్‌ని వెక్కిరించేవాళ్లకి ఇది చెప్పండి. పట్టుబట్టి వాటిని తెప్పించుకున్నది ఆయనే.

ఇక నా సొంత తీర్పు అడిగితే, జులై 1లో హేగ్ వాటా ఎంత, మిగతావాళ్ల వాటా ఎంత అని కూర్చుని లెక్కేయొచ్చు. నేను క్షమించలేనిది 1917 అక్టోబరు. జులై 31న బెల్జియంలో మొదలైన పాషెండేల్ యుద్ధంలో సెప్టెంబరు నుంచి ప్లూమర్ అనే సేనాని కొద్దికొద్దిగా, పద్ధతిగా ముందుకు జరిగాడు. సెప్టెంబరు 20, 26, అక్టోబరు 4, మూడు దెబ్బలూ బాగానే తగిలాయి. తర్వాత వాన పట్టుకుంది. ఆ నేల బంకమట్టి, మురుగు పోయే కాలవలన్నీ గుళ్లకి ధ్వంసమైపోయాయి. తుపాను వెళ్లిన మర్నాడు నల్లరేగడి పత్తిచేలో నడిచినవాళ్లకి నేనింకేం చెప్పక్కర్లేదు, కాలు తీస్తే చెప్పు లోపలే ఉండిపోతుంది. అలాంటిదాంట్లో ఫిరంగి ఎలా లాగుతారు? గాయపడ్డవాణ్ణి ఎలా మోస్తారు? అయినా నవంబరు 10 దాకా ఆపలేదు. జర్మన్లు లోపల విరిగిపోతున్నారు, ఇంకొక్క తోపు చాలు అని ఆయన నమ్మకం. ఆ నమ్మకం కలిగేలా ఆయనకి తీపి కబుర్లు అందించిన ఇంటెలిజెన్స్ అధికారి వాటా కూడా ఉంది. అది వేరే ఆదివారం.

ఎవరన్నారు, ఏ సంవత్సరంలో అన్నారు

ప్రతి మాట మీదా తారీఖు ముద్ర వెతకాలి. 1918 ఏప్రిల్ 11న జర్మన్లు మీదికొస్తుంటే మన వీపు గోడకి ఆనింది, చివరి మనిషి దాకా నిలబడాలి అని ఉత్తర్వు రాసింది ఈ హేగే. ఆ ఆగస్టు 8న ఫ్రాన్స్‌లోని ఆమియాన్‌లో మొదలుపెట్టి నవంబరు 11 దాకా వందరోజులు వరసగా గెలిచిన సైన్యమూ ఆయనదే. సెప్టెంబరు 29న జర్మన్ల హిండెన్‌బర్గ్ కందకాల వరసని చీల్చింది కూడా ఆ సైన్యమే. ఆమియాన్ రోజుని జర్మన్ సేనాని లుడెన్‌డార్ఫే తన సైన్యానికి చీకటి రోజు అన్నాడు. మా పిల్లల్లో నూటికి తొంభైమంది సోమ్ చెప్పి ఈ వందరోజులూ ఎగరగొట్టేస్తారు. యుద్ధం ఎవరో వచ్చి ఆపేసినట్టు.

1928 జనవరి 29న చనిపోతే అంతిమయాత్రకి జనం లక్షల్లో వచ్చారు. వాళ్లలో సోమ్‌లో నడిచినవాళ్లు, అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. యుద్ధం తర్వాత మాజీ సైనికుల సంఘం కోసం తిరిగాడని వాళ్లకి ఆయన మీద అభిమానం. యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా నవంబరులో ఇంగ్లీషువాళ్లు పెట్టుకునే ఎర్ర గసగసాల పువ్వు మధ్యలో "హేగ్ ఫండ్" అని 1994 దాకా ఉండేది. లాయిడ్ జార్జ్ యుద్ధ జ్ఞాపకాలు అచ్చవడం మొదలైంది 1933లో, హేగ్ పోయి ఐదేళ్లయ్యాక. చచ్చినవాడు జవాబివ్వలేడు, ఈ సంగతి కూడా చెప్పాలి. లండన్‌లో గుర్రం మీద విగ్రహం 1937లో పెట్టారు. ఆ గుర్రం నిలబడ్డ తీరు మీద కూడా తగువే, అది చూసి నవ్వినవాళ్లు నవ్వారు. 1998లో ఒక లండన్ పత్రిక మొదటి పేజీలోనే దాన్ని తీసెయ్యమంది. తండ్రుల తరం మొక్కింది, మనవల తరం పీకమంది. మధ్యలో ఏం మారింది అన్నది అడిగితే ఇరవై నిమిషాలు చాలవు.

గాడిదలు నడిపిన సింహాలు అనే మాట తప్పక వస్తుంది. ఎవడో జర్మన్ సేనాని బ్రిటిష్ సైనికుల్ని మెచ్చుకుంటూ, వాళ్ల అధికారుల్ని తిడుతూ అన్నాడని చెప్తారు. అలా అన్నట్టు గట్టి ఆధారం దొరకలేదు, పైగా ఆ నానుడి మొదటి ప్రపంచ యుద్ధం కంటే పాతది. బాగుందని వాడేస్తే మా డాబా మీద పట్టుబడతారు.

ఇంకొకటి, డైరీలు. హేగ్ రోజూ డైరీ రాసేవాడు. కాగితాలు ఇంటికి పంపితే భార్య టైపు చేసేది. చేత్తో రాసినదానికీ టైపు ప్రతికీ అక్కడక్కడ తేడాలున్నాయి. ఏది ఆ రాత్రి రాసింది, ఏది తర్వాత చేర్చింది అని పరిశోధకులు తలలు పట్టుకున్నారు. ఆయన డైరీలోంచి ఒక వాక్యం ఎత్తితే ఏ ప్రతిలోదో చెప్పండి. తెలీకపోతే ఎత్తొద్దు.

మనవాళ్లు ఎక్కడున్నారు

దీన్ని నేను ఎప్పుడూ నాలుగు నిమిషాలకి తగ్గనివ్వను. ఇది మన యుద్ధం కాదనే మాట నాకు నచ్చదు. ఇక్కడినుంచి సముద్రం దాటి వెళ్లినవాళ్లు పది లక్షల పైనే, తిరిగి రానివాళ్లు దాదాపు 74,000. పశ్చిమగోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం అనే ఊరికి ఆ పేరు ఊరికే రాలేదు.

హేగ్‌కి మన దేశం కొత్త కాదు. 1903 నుంచి 1906 దాకా ఇక్కడ అశ్వికదళాల ఇన్‌స్పెక్టర్ జనరల్, 1909 నుంచి 1911 దాకా చీఫ్ ఆఫ్ స్టాఫ్. 1915 మార్చి 10న ఫ్రాన్స్‌లో నవ్ షపెల్ మీద దాడి చేసిన బ్రిటిష్ ఫస్ట్ ఆర్మీ ఆయన కింద ఉంది, దాడి చేసినవాళ్లలో దాదాపు సగం భారత సైనికులు. మూడు నాలుగు రోజుల్లో మన కోర్ (భారత సైనికుల పెద్ద దళం) వైపు క్యాజువాల్టీలు నాలుగు వేల పైన. ఇక్కడ కూడా పైన చెప్పిన లెక్కే, అందరూ చనిపోయారని అనొద్దు. గఢ్వాల్ సైనికుడు గబ్బర్ సింగ్ నేగికి బ్రిటిష్‌వాళ్ల అత్యున్నత యుద్ధ పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది ఆ దాడికే, చనిపోయాక. నవ్ షపెల్ ఊరి దగ్గర ఇప్పుడు ఉన్న భారతీయుల స్మారకం మీద, సమాధి కూడా లేనివాళ్ల పేర్లు 4,700కు పైగా ఉన్నాయి.

సోమ్‌లో కూడా ఉన్నాం. 1916 జులై 14 సాయంత్రం హై వుడ్ అనే అడవి దగ్గర బల్లేలు పట్టి గుర్రాల మీద దూసుకుపోయినవాళ్లలో దక్కన్ హార్స్ ఉంది. దాని మూలాలు నిజాం కొలువులోని దళాల్లో ఉన్నాయి. మెషిన్‌గన్లకి అందరూ గడ్డికోతలా పడిపోయారని కథ అల్లారు గానీ, నిజంగా అంత నష్టం జరగలేదు. హేగ్ గురించిన చర్చల్లో ఈ మనుషులు ఎప్పుడూ ఒక పేరాలో వచ్చి పోతారు. మీ ప్రసంగంలో అలా చెయ్యకండి.

ఇక మాట్లాడే రోజు

పటం సుద్దముక్కతో డాబా మీద గీస్తాం, ఫోన్లో చూపిస్తే వెనకవాళ్లకి కనబడదు. కాగితం చూసి చదవడం నిషేధం, తారీఖుల చీటీ ఒకటి చేతిలో పెట్టుకోవచ్చు. వీరుడు, కసాయి అనే రెండు మాటలూ మొదటి పదిహేను నిమిషాలు నోట్లోంచి రాకూడదు. వస్తే ఆ నెల టీ డబ్బులు వాళ్లవే. పుస్తకాల కోసం బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లు తిరగండి. హేగ్‌ని తిట్టిన పుస్తకం కొంటే మెచ్చిన పుస్తకం దొరికేదాకా మాట్లాడనని ఒట్టు పెట్టుకోండి. జనవరి పుస్తకాల పండుగ దాకా ఆగితే రెండూ ఒకేసారి దొరకొచ్చు.

చివర్లో ఎవరో ఒకరు "మొత్తానికి మంచోడా, చెడ్డోడా?" అని లేస్తారు. తప్పదు. "1916 జూన్ నాటి హేగా, 1917 అక్టోబరు నాటి హేగా, 1918 ఆగస్టు నాటి హేగా?" అని తిరిగి అడగండి. తప్పించుకుంటున్నారని అరుస్తారు. అరవనివ్వండి. ఆ తర్వాత మాత్రం, ఆ మూడింటికీ మీ తీర్పు విడివిడిగా చెప్పి తీరాలి. తేదీల వెనక దాక్కుని తీర్పు చెప్పనివాణ్ణి కూడా మేం ఒప్పుకోం.

హేగ్ అయ్యాక రెండుమూడు నెలలకి పల్నాడు వస్తుంది. ఈసారి అడిగింది గురజాల అమ్మాయి. "మేడం, నాగమ్మని నేను తీసుకుంటాను." నాగమ్మ గురజాల వైపు మంత్రి, బ్రహ్మనాయుడు మాచర్ల వైపు. యుద్ధం పన్నెండో శతాబ్దంలో జరిగింది, శ్రీనాథుడు పద్యాల్లో రాసింది పదిహేనో శతాబ్దంలో, కారంపూడిలో వీరవిద్యావంతులు ఇప్పటికీ పాడుతున్నారు. ఎవరు, ఎప్పుడు అన్నారు అనే పని ఆ పిల్లకి బోలెడంత ఉంది. కార్తీక అమావాస్యకి కారంపూడిలో ఐదు రోజుల వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి, కోడిపోరు రోజుకి అందరం కలిసి బస్సులో పోదామనుకున్నాం. ఈలోపు ఒక్క పని చెప్పాను. వాళ్ల అమ్మమ్మ ఆ కథ చెప్తుందట. కూర్చోబెట్టి, చెప్పినంతా ఫోన్లో రికార్డు చెయ్యి, నువ్వు ఎవరి పక్షం అమ్మమ్మా అని మాత్రం ముందే అడక్కు అన్నాను. మొన్న ఫోన్ చేసింది. అమ్మమ్మ గంటంబావు చెప్పిందట, మధ్యలో రెండుసార్లు పక్షం మార్చిందట.